నెలసరి చందా లేని టెలివిజన్: ప్రసారములను ఇంట నిలువ చేసికొను విధము

పల్లెలో పనివేళలు సూర్యుని బట్టి నడచును. టెలివిజన్‌లో కార్యక్రమములు గడియారమును బట్టి నడచును. ఈ రెంటికిని పొత్తు కుదరకుండుట వలన గ్రామమునకు కలుగు నష్టము చిన్నది కాదు. వరిలో తెగులును గూర్చి నిపుణుడు చెప్పువేళ రైతు మడిలో నుండును. బాలింతల ఆహారమును గూర్చి వైద్యురాలు వివరించువేళ ఆ మాట వినవలసిన తల్లి కూలికి పోయి యుండును. పదవ తరగతి గణిత పాఠము వచ్చు సమయమునకు కరెంటు పోవచ్చును, లేక పిల్లవాడు పశువులను తోలుకొని వచ్చుచుండవచ్చును. చెప్పినవారు చెప్పిరి, వినవలసినవారు వినలేదు.

ఈ లోపమును సవరించుటకు నేడు సులభమైన మార్గము గలదు. ఆకాశము నుండి ఉచితముగా వచ్చు ప్రసారమును వచ్చినప్పుడే చిన్న పరికరమునందు నిలువ చేసికొని, తీరిక దొరికినప్పుడు చూచుకొనవచ్చును. ఇందులకు కేబుల్ కనెక్షను అక్కరలేదు, నెలనెలా చందా అక్కరలేదు, ఇంటర్‌నెట్ కూడ అక్కరలేదు. ఈ పద్ధతి యెట్లు పనిచేయునో, దానికేమి కావలెనో, చట్టము ఎంతవరకు అనుమతించునో, పంచాయతీలు దీనిని ఎట్లు వినియోగించుకొనవచ్చునో ఈ పాఠమున వివరింపదలచితిమి.

పూర్వ చరిత్ర

మన దేశమున టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమైనవి. 1967 జనవరి 26న 'కృషి దర్శన్' అను వ్యవసాయ కార్యక్రమము మొదలయ్యెను. అది ఢిల్లీ పరిసరములందలి 80 గ్రామములను ఉద్దేశించినది. ఆ గ్రామములందు రైతులు ఒకచోట గుమిగూడి చూచి, చూచినదానిని చర్చించుకొనెడివారు.

తరువాత 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఒక ఏడాది పాటు 'సైట్' అను గొప్ప ప్రయోగము జరిగెను. అమెరికావారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములందు సుమారు 2,400 గ్రామములకు నేరుగా టెలివిజన్ ప్రసారములు అందినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసారములు జరిగిన భాషలలో తెలుగు ఒకటి. బడులందును, పంచాయతీ కార్యాలయములందును సెట్లు నుంచి, తీగవల గొడుగులతో సిగ్నలును పట్టిరి. ఉదయము పిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము మున్నగు విషయములు చూపెడివారు.

ఆ ప్రయోగము ఎంత గొప్పదైనను ఒక చిక్కు మిగిలియుండెను. ప్రసార సమయమునకు సెట్టు ముందు ఉన్నవారే చూడగలిగిరి. ఆ గంట దాటిపోయినచో మరల చూచుటకు గ్రామస్థుల చేతిలో సాధనము లేదు.

ఇంట ప్రసారమును రికార్డు చేయు యంత్రములు ఆ రోజులలోనే విదేశములందు బజారులోనికి వచ్చినవి. 1975లో సోనీ కంపెనీ 'బీటామాక్స్' అను వీడియో క్యాసెట్టు యంత్రమును, 1976లో జె.వి.సి. కంపెనీ 'వి.హెచ్.ఎస్.' యంత్రమును విడుదల చేసెను. ఇది హక్కులకు భంగమని సినిమా సంస్థలు అమెరికాలో దావా వేసినవి. 1984 జనవరి 17న ఆ దేశపు సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పెను. ఉచితముగా వచ్చు ప్రసారమును తరువాత చూచుకొనుటకై ఇంట రికార్డు చేసికొనుట తప్పు కాదని ఆ తీర్పు సారాంశము. అక్కడ నేటికిని అనేక కుటుంబములు ఇంటిపై చిన్న యాంటెన్నా నిలిపి, కేబుల్ చందా లేకుండ స్థానిక కేంద్రముల ప్రసారములను రికార్డు చేసికొనుచున్నవి.

మన దేశమున ఇంటిపై పొడవైన కడ్డీల యాంటెన్నాతో దూరదర్శన్ చూచిన కాలము గ్రామస్థులలో చాలమందికి జ్ఞాపకముండును. ఆ పాత అనలాగ్ భూతల ట్రాన్స్‌మిటర్లను, వ్యూహాత్మకమైన కొన్ని ప్రదేశములందు తప్ప, 2022 మార్చి నాటికి నిలిపివేయుదుమని ప్రసార భారతి 2021లో ప్రకటించెను. కావున పల్లెలో నేడు చందా లేని టెలివిజన్ అనగా ముఖ్యముగా ఉపగ్రహము నుండి నేరుగా వచ్చు 'డి.డి. ఫ్రీ డిష్' అని గ్రహింపవలెను.

డి.డి. ఫ్రీ డిష్ అననేమి?

ఇది ప్రసార భారతి నడుపు సేవ. 2004 డిసెంబరు 16న 'డి.డి. డైరెక్ట్ ప్లస్' అను పేర 33 చానళ్లతో ప్రారంభమైనది. పిమ్మట దీనికి డి.డి. ఫ్రీ డిష్ అను పేరు వచ్చెను. పరికరములకు మొదట ఒకసారి సొమ్ము పెట్టవలెను. ఆ పిదప నెలసరి చందా లేదు. ఈ మాట పంచాయతీ సభ్యులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. "ఫ్రీ డిష్‌కు ఏటేటా రీచార్జి చేయవలెను" అని ఎవరైనను సొమ్ము అడిగినచో అది సత్యము కాదు. డిష్ బిగించినందులకు, మరమ్మతు చేసినందులకు కూలి ఇచ్చుట వేరు. ప్రసారమునకు చందా ఇచ్చుట వేరు.

ఈ ప్రసారములు జీశాట్-15 అను ఉపగ్రహము నుండి వచ్చుచున్నవి. 2015 నవంబరులో ప్రయోగింపబడిన ఈ ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీల వద్ద నున్నది. భూమితో సమానవేగమున తిరుగుటచే మనకది ఒకేచోట నిలిచియున్నట్లుండును. అందువలననే డిష్‌ను ఒకసారి సరిగా బిగించినచో మరల త్రిప్పవలసిన పని యుండదు.

మన తెలుగువారికి ఇందు ఉపయోగపడు చానళ్లు కొన్ని గలవు. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు 'డి.డి. యాదగిరి', ఆంధ్రప్రదేశ్‌కు 'డి.డి. సప్తగిరి' ఏర్పడినవి. రైతులకై 2015 మే 26న 'డి.డి. కిసాన్' ప్రారంభమైనది, అది ప్రధానముగా హిందీలో నడచును. 2020లో 'పి.ఎం. ఇ-విద్య' క్రింద ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క చానలు చొప్పున 12 చానళ్లు వచ్చినవి. వీనిని 200కు పెంచుదుమని 2022-23 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిరి. చానళ్ల సంఖ్యయు, వాని వరుస నంబర్లును అప్పుడప్పుడు మారుచుండును. కావున కొన్ని వారములకొకసారి పెట్టెలో చానళ్లను క్రొత్తగా వెదకించుట మంచిది.

కావలసిన పరికరములు

మొదటిది డిష్, అనగా గొడుగు. రెండవది డిష్ ముందు చేయివలె పొడుచుకొనియుండు 'ఎల్.ఎన్.బి.' అను చిన్న పరికరము. ఉపగ్రహము నుండి వచ్చు బలహీనమైన తరంగములను గొడుగు ఒకచోటికి చేర్చగా, దీనిలోని యంత్రభాగము వానిని బలపరచి తీగ గుండా లోనికి పంపును. మూడవది తీగ. నాల్గవది సెట్ టాప్ బాక్సు; దీనిని వాడుకలో 'పెట్టె' అందురు. అయిదవది పెన్ డ్రైవు. మొదటి నాలుగును చూచుటకు కావలెను. అయిదవది నిలువ చేయుటకు కావలెను.

పెట్టెను కొనునప్పుడే జాగ్రత్త వహింపవలెను. అన్ని పెట్టెలకును రికార్డు చేయు శక్తి యుండదు. యు.ఎస్.బి. రంధ్రము ఉన్నంత మాత్రమున చాలదు. కొన్ని పెట్టెలు పెన్ డ్రైవులోని పాటలను చూపునే గాని ప్రసారమును నిలువ చేయలేవు. కావున దుకాణములో ఈ నాలుగు విషయములను విచారింపవలెను.

ఒకటి: రిమోట్‌పై ఎర్రని చుక్కతో 'రికార్డు' మీట కలదా?

రెండు: నిర్ణీత సమయమునకు తనంతట రికార్డు చేయు 'టైమర్' ఏర్పాటు కలదా?

మూడు: పాత ఎం.పి.ఇ.జి.-2 చానళ్లనే గాక క్రొత్త ఎం.పి.ఇ.జి.-4 చానళ్లను గూడ చూపునా? పాత పెట్టె క్రొత్త రకపు చానళ్లను చూపజాలదు.

నాలుగు: నిలువ చేసిన దానిని ఆ పెట్టెలోనే చూడవలెనా, లేక కంప్యూటరులో గూడ చూడవచ్చునా? కొన్ని పెట్టెలు తాళము వేసినట్లు నిలువ చేయును. అవి వేరొక పరికరమున ఆడవు.

దుకాణదారుని మాట వినుటతో సరిపుచ్చక, అచ్చటనే పెన్ డ్రైవు పెట్టించి, అయిదు నిమిషములు రికార్డు చేయించి, మరల ఆడించి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.

చందా చెల్లించు ప్రయివేటు డి.టి.హెచ్. పెట్టెలందు నిలువ చేసినవి సాధారణముగా ఆ పెట్టెకును, ఆ చందాకును కట్టుబడియుండును. చందా ఆగినచో అవి తెరచుకొనకపోవచ్చును. ఉచిత ప్రసారమునకు ఈ కట్టుబాటు తక్కువ.

డిష్ నిలుపుట

మన రెండు రాష్ట్రముల నుండి చూచినచో జీశాట్-15 ఆగ్నేయ దిక్కున, బాగుగా ఎత్తున ఉండును. హైదరాబాదు వద్ద నేలమట్టము నుండి సుమారు 63 డిగ్రీల ఎత్తు. విజయవాడ వద్ద సుమారు 65 డిగ్రీల ఎత్తు. అందుచే ఆగ్నేయమున చెట్ల కొమ్మలు గాని, పెద్ద భవనములు గాని అడ్డు లేని స్థలము కావలెను. నేడు ఖాళీగా నున్న చోటనే మూడేండ్లలో వేపచెట్టు ఎదుగవచ్చునని తలచి స్థలమును ఎంచవలెను.

గొడుగు చూపునకు ఆకాశమున తక్కువ ఎత్తునకు తిరిగియున్నట్లు కనబడినను కంగారుపడనక్కరలేదు. ఇండ్లపై వాడు గొడుగులలో ఎల్.ఎన్.బి. నడిమికి గాక క్రిందివైపునకు ఉండును. తరంగములు ఏటవాలుగా వచ్చి తగులునట్లు దానిని మలచిరి. అందుచే అది ఉన్నదానికంటె నిలువుగా కనబడును. పెట్టెలోని 'సిగ్నల్' పట్టీని చూచుచు అంగుళములో నాల్గవ వంతు చొప్పున కదలించి, పట్టీ హెచ్చుగా ఉన్నచోట బిగింపవలెను. గాలికి కదలకుండ గోడకో, సిమెంటు దిమ్మెకో బలముగా బోల్టులు వేయవలెను.

నిలువ చేయుట యెట్లు జరుగును?

పూర్వపు క్యాసెట్టు యంత్రము బొమ్మను మరల చిత్రించెడిది. అందుచే ప్రతి నకలుకు బొమ్మ మసకబారెడిది. నేటి పెట్టె అట్లు చేయదు. ఉపగ్రహము నుండి బొమ్మయు, ధ్వనియు అంకెల రూపమున ప్రవాహమువలె వచ్చుచుండును. పెట్టె ఆ ప్రవాహమును ఉన్నదున్నట్లు పెన్ డ్రైవులోనికి మళ్లించును. కాలువ నీటిని చెరువులోనికి త్రిప్పినట్లే యిది. కావున నిలువ చేసిన బొమ్మ, ప్రసారమైన బొమ్మతో సమానముగా నుండును.

ఎంత స్థలము పట్టునో లెక్క చూతము. సామాన్య చానలు సెకనుకు 30 లక్షల బిట్ల చొప్పున వచ్చుచున్నదనుకొందము. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, సెకనుకు 3,75,000 బైట్లు. గంటకు 3,600 సెకన్లు గనుక, గంటకు 135 కోట్ల బైట్లు, అనగా 1.35 జి.బి. ఈ లెక్కన 32 జి.బి. పెన్ డ్రైవులో దాదాపు 23 గంటల కార్యక్రమములు పట్టును. అరగంట వ్యవసాయ కార్యక్రమమును వారమునకు అయిదు దినములు నిలువ చేసినను మూడున్నర జి.బి.కి మించదు. ఎం.పి.ఇ.జి.-4 చానలుకు ఇంతకంటె తక్కువ స్థలము చాలవచ్చును, హెచ్.డి. చానలుకు రెండు మూడు రెట్లు పట్టవచ్చును.

పని క్రమము

1. పెన్ డ్రైవులో ముఖ్యమైనవి ఏవియు లేవని చూచుకొని, పెట్టెలో పెట్టి, పెట్టె చూపు పద్ధతిలో 'ఫార్మాట్' చేయవలెను. ఫార్మాట్ చేసినచో లోనున్నవన్నియు చెరిగిపోవునని మరువరాదు.

2. పెట్టెలోని గడియారము భారతీయ కాలమునకు, అనగా గ్రీన్‌విచ్ కాలము కంటె అయిదున్నర గంటలు ముందుగా, సరిపోయినదో లేదో చూడవలెను. రికార్డు తప్పిపోవుటకు గడియారపు పొరపాటు ఒక ముఖ్య కారణము.

3. టైమర్‌లో చానలును, దినమును, ఆరంభ సమయమును, ముగింపు సమయమును ఎంచవలెను. కార్యక్రమములు కొంత ముందువెనుకలుగా రావచ్చును గనుక అయిదు నిమిషములు ముందుగా ఆరంభించి, పది నిమిషములు ఆలస్యముగా ముగియునట్లు పెట్టవలెను. ప్రతిదినము వచ్చు కార్యక్రమమునకు 'దినము' అనియు, వారమునకొకసారి వచ్చుదానికి 'వారము' అనియు ఎంచుకొనినచో మాటిమాటికి పెట్టనక్కరలేదు.

4. పెట్టెను రిమోట్‌తో 'స్టాండ్‌బై'లో ఉంచవలెను గాని గోడ స్విచ్చిని ఆర్పరాదు. టెలివిజన్ సెట్టును పూర్తిగా ఆర్పవచ్చును. రికార్డు చేయునది పెట్టెయే గాని సెట్టు కాదు. పెట్టెకు 10 వాట్లు పట్టునని లెక్కించినచో వంద గంటలకు ఒక యూనిట్ కరెంటు మాత్రమే ఖర్చగును.

5. మరునాడు నిలువయైనదో లేదో చూచి, పేరును తేదీని ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. పనికిరానిదానిని వెంటనే చెరిపివేయవలెను.

కలుగు చిక్కులు

జోరువానలో సిగ్నలు తెగును. ఈ ప్రసారములకు వాడు తరంగములు వాననీటికి బలహీనపడును. అది డిష్ దోషము కాదు. వాన వెలిసిన పిమ్మట తనంతట సరియగును. ఆ సమయమున రికార్డైన భాగము మాత్రము చెడిపోవును. తుపాను వేళ సమాచారమునకు టెలివిజన్‌ను మాత్రమే నమ్ముకొనక, బ్యాటరీతో నడచు రేడియోను సిద్ధముగా నుంచుకొనవలెనని దీనివలన తెలియుచున్నది.

కరెంటు పోయినచో రికార్డు ఆగును. ఒక్కొక్కప్పుడు అప్పటివరకు నిలువయైనది గూడ చెడును. పెట్టెకును, ఎల్.ఎన్.బి.కిని పట్టు కరెంటు స్వల్పము గనుక చిన్న ఇన్వర్టరుకు కలిపిన చాలును.

సాధారణమైన పెట్టెకు ఒకే ట్యూనరు ఉండును. ఒక చానలు రికార్డగుచుండగా వేరొక చానలు చూచుటకు వీలుపడకపోవచ్చును. ఇంటిలో ఈ విషయమై తగవులు రాకుండ ముందే చెప్పి యుంచుట మేలు.

'ఫ్యాట్ 32' అను పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవులో ఒక్కొక్క ఫైలు 4 జి.బి.కి మించరాదు. పై లెక్క ప్రకారము మూడు గంటలకు పైబడిన రికార్డు రెండు ముక్కలు కావచ్చును, లేదా అచ్చట ఆగిపోవచ్చును. దీర్ఘమైన కార్యక్రమమును రెండు భాగములుగా పెట్టుట క్షేమము.

మాటిమాటికి వ్రాయుచు చెరుపుచుండుటచే పెన్ డ్రైవు కొంతకాలమునకు అరుగును. అది శాశ్వత భద్రస్థానము కాదు. మిక్కిలి విలువైనదానిని రెండవ పరికరమున గూడ నకలు చేసికొనవలెను.

చట్టము ఏమనుచున్నది?

మన దేశమున ఈ విషయమునకు 1957 నాటి కాపీరైటు చట్టము వర్తించును. ఆ చట్టము 37వ సెక్షను ప్రకారము ప్రతి ప్రసార సంస్థకును తన ప్రసారముపై 25 సంవత్సరముల హక్కు కలదు. అనుమతి లేకుండ ప్రసారమును మరల ప్రసారము చేయుట, రుసుము పుచ్చుకొని ప్రజలకు చూపుట, రికార్డు చేయుట, అట్టి రికార్డులను అమ్ముట, అద్దెకిచ్చుట ఆ హక్కునకు భంగము.

అయితే 39వ సెక్షను కొన్ని మినహాయింపుల నొసగినది. రికార్డు చేసికొనువాడు తన సొంత ఉపయోగమునకై చేసికొనిన రికార్డు, లేక కేవలము నిజమైన బోధనకో పరిశోధనకో చేసిన రికార్డు ఆ హక్కునకు భంగము కాదు. కావున రైతు తన ఇంట సాయంకాలము చూచుకొనుటకై ఉదయపు కార్యక్రమమును నిలువ చేసికొనుట న్యాయమే. ఉపాధ్యాయుడు తరగతిలో బోధించుటకై పాఠమును నిలువ చేయుటయు న్యాయమే.

ఇచ్చట ఒక గీత గలదు; దానిని దాటరాదు. సినిమాను రికార్డు చేసి పంచాయతీ ఆవరణలో తెర కట్టి చూపుట సొంత ఉపయోగము కాదు. దానికి టిక్కెట్టు పెట్టుట మరింత తప్పు. పండుగకు వినోదము కావలెనన్న కోరికతో గ్రామపెద్దలు ఈ తప్పు చేయు అవకాశమున్నది గనుక ముందే హెచ్చరించుచున్నాము. పెన్ డ్రైవులలో నకళ్లు తీసి అమ్ముటయు, సామాజిక మాధ్యమములలో పెట్టుటయు ఇట్టివే. వ్యవసాయ, ఆరోగ్య కార్యక్రమములను గ్రామస్థుల సమావేశమున రికార్డు నుండి చూపదలచినచో, ఆ ప్రసార కేంద్రమునకు లేఖ వ్రాసి అనుమతి పొందుట ఉత్తమము. ఒక్క లేఖతో పోవు సందేహమును గ్రామముపై నిలుపరాదు.

మరియొక మాట. పంచాయతీ డిష్ నుండి తీగలు లాగి ఇండ్లకు ప్రసారమును పంచుట సేవవలె కనబడును. కాని 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టము ప్రకారము నమోదు లేకుండ ఎవరును కేబుల్ నెట్‌వర్కు నడుపరాదు. కావున ఆ పనికి పూనుకొనరాదు. ఇంటింటికి వేరువేరుగా ఫ్రీ డిష్ పెట్టించుకొనుటకు సలహా ఇచ్చుటలో దోషము లేదు.

పంచాయతీ చేయదగినది

గ్రామమున అందరికిని సెట్టు గాని, పెట్టె గాని ఉండకపోవచ్చును. అట్టివారి కొరకు బడిలోనో, గ్రంథాలయములోనో ఒక సెట్టు నుంచుట పంచాయతీ ఆలోచింపదగినది. అందులకు ముందు మూడు సంగతులు తేల్చుకొనవలెను.

మొదటిది సొమ్ము. ఏ పద్దు క్రింద ఖర్చు చేయవచ్చునో పంచాయతీ కార్యదర్శి ద్వారా విచారించి, గ్రామసభలో చెప్పి, తీర్మానము వ్రాసి కొనవలెను. పరికరము ధర కంటె దాని పోషణ ముఖ్యము. ఎల్.ఎన్.బి. చెడినపుడు, తీగను ఎలుక కొరికినపుడు బాగుచేయించు ఏర్పాటు లేనిచో ఆరు నెలలలో సెట్టు మూల చేరును.

రెండవది బాధ్యత. సెట్టు తాళము ఎవరివద్ద ఉండునో, టైమర్ ఎవరు పెట్టుదురో తీర్మానములోనే వ్రాయవలెను. ఇద్దరికి నేర్పుట మంచిది. ఒకరు ఊరికి పోయినను పని ఆగదు. వారిలో ఒకరు మహిళా సంఘమునకు చెందినవారైనచో స్త్రీలు నిస్సంకోచముగా వచ్చి తమకు కావలసినదానిని అడుగుదురు.

మూడవది ఎంపిక. ఏది నిలువ చేయవలెనను ప్రశ్న చిన్నదిగా కనబడును గాని తగవులు అచ్చటనే పుట్టును. ఒక పక్షమువారి ప్రసంగములను నిలువ చేసి, రెండవ పక్షమువారివి వదలినచో పంచాయతీపై నమ్మకము పోవును. ఒక వార్తలో కొంత భాగమును మాత్రము కత్తిరించి చూపినచో అర్థము తారుమారగును. కావున పంచాయతీ సెట్టును సేద్యము, పశుపోషణ, ఆరోగ్యము, పిల్లల పాఠములు, ప్రభుత్వ పథకముల వివరములు అను అంశములకే పరిమితము చేయుట క్షేమము. రాజకీయ ప్రసంగములను ఎవరి ఇంట వారు చూచుకొందురు గాక.

చూచుట మాత్రముననే ప్రయోజనము సిద్ధింపదు. వెనుకటి రైతు బృందములవారు చూచినదానిని చర్చించుకొనిరని పైన చెప్పితిమి. రికార్డు చేసినదానికి అప్పటి ప్రసారమునకు లేని సౌకర్యమొకటి గలదు: మధ్యలో ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును. నిపుణుడు మందు మోతాదు చెప్పినపుడు ఆపి వ్రాసికొనవలెను. అర్థము కాని మాటను మరల వినిపింపవలెను. పిమ్మట వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి, ఆ మోతాదు మన నేలకు, మన పైరుకు సరిపోవునో లేదో నిర్ధారించుకొనవలెను. ఇతర ప్రాంతమునకు చెప్పిన సలహాను మన చేనికి గ్రుడ్డిగా వర్తింపజేసినచో నష్టపోవుదుము. ఎప్పుడు ప్రసారమైనదో తేదీ వ్రాయుట ఇందుకే అవసరము. గత ఏటి పథకపు గడువును ఈ ఏటి గడువని పొరబడి దరఖాస్తుదారులు మోసపోరాదు.

చర్చకు ప్రశ్నలు

పంచాయతీ సమావేశమున ఈ పాఠమును చదివిన పిమ్మట సభ్యులు క్రింది ప్రశ్నలను చర్చింపగోరుచున్నాము.

1. మన గ్రామమున కేబుల్‌కు, డి.టి.హెచ్.కు చందా చెల్లించు ఇండ్లు ఎన్ని? ఏటికి వారందరు చెల్లించు మొత్తమెంత? అందులో ఉచితముగా లభించు చానళ్లను మాత్రమే చూచువారెందరు?

2. వ్యవసాయ కార్యక్రమములు ప్రసారమగు వేళ మన రైతులలో ఎందరు ఇంట నుందురు? స్త్రీలలో ఎందరికి ఆ వేళ తీరిక యుండును?

3. మన బడిలో టెలివిజన్ కలదా? ఉన్నచో పనిచేయుచున్నదా? పాఠములను నిలువ చేయుటకు ఉపాధ్యాయులు సమ్మతింతురా?

4. పంచాయతీ సెట్టు పెట్టినచో దాని తాళము, టైమర్, మరమ్మతు, పుస్తకము ఎవరి బాధ్యత?

5. సొంత ఉపయోగమునకు, బోధనకు చేయు రికార్డునకును, ప్రజలకు చూపుటకు చేయు రికార్డునకును చట్టమున గల భేదమేమి?

మొదటి ప్రశ్నకు జవాబును అంచనాతో గాక ఇంటింటికి తిరిగి లెక్క వ్రాసి తెచ్చినచో మిగిలిన ప్రశ్నలకు జవాబులు సులభముగా దొరకును. ఒక పెట్టె, ఒక పెన్ డ్రైవు తో మొదట ఒక నెల నడిపి చూడుడు. ఆ నెలలో నిలువ చేసినవెన్ని, చూచినవారెందరు, అందులో ఒక్కరికైనను చేనిలో గాని, ఇంటిలో గాని పనికివచ్చిన మాట యేది అని పుస్తకమున వ్రాయుడు. ఆ పుస్తకమును చూచిన పిమ్మటనే మరి కొంత సొమ్ము ఖర్చు పెట్టవలెనో వద్దో గ్రామసభ నిర్ణయించుట ఉచితము.